మూడో ఇంటికి వెనక చాప

"చాప ఏం చేశావు, చెల్లెమ్మా?"

"నా మంచం మీద పరుచుకుంటున్నానండీ, అన్నయ్యగారూ."

"మెత్తగా ఉందా?"

"మీరు వేయించిన చాప కదండీ. ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉందండీ."

ఆయన నవ్వారు. నవ్వు కాస్తా దగ్గులోకి దిగింది. ఏలూరు ఆసుపత్రిలో నర్సమ్మ పరుగున వచ్చి, "ఏవండీ, ఆయన్ని నవ్వించొద్దని చెప్పానా లేదా?" అని నన్ను బయటికి పంపేసింది. మా ఇద్దరి మధ్యా ఆఖరి మాటలు అవే. నాలుగు రోజుల తర్వాత ఆయన్ని పెట్టెలో చూశాను. నర్సమ్మ చేత తిట్లు తిన్నందుకు నాకేమీ చింత లేదు. మా సంఘంలో అన్నేళ్లు పెద్దరికం చేసి, మొహం మీద నవ్వు అంటే తెలియని మనిషి నవ్వి వెళ్లాడంటే, అందులో నా చెయ్యి కూడా ఉంది.

నేను చదువుకోలేదు. సంతకం వస్తుంది. పాటల పుస్తకం పట్టుకుంటాను గానీ పాటలన్నీ నోటికి వచ్చు కాబట్టి చదువుతున్నట్టు కనిపిస్తాను, అంతే. నేను చెబుతుంటే మా మేనకోడలు రాస్తోంది. అరవకుండా చెప్పమని ఇప్పటికే రెండుసార్లు అంది. ఇరవై ఏడేళ్లు గంట కింద నిలబడిన మనిషి గొంతు ఇంకెలా ఉంటుంది?

ఇది ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, మా సంఘం కమిటీలోకి ఈ మధ్య కొత్తగా పిల్లలు వచ్చారు. మంచి పిల్లలు, చదువుకున్నవాళ్లు. మొన్న వాళ్లలో ఒకరు సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టారట. ఒక సహోదరిని మూడు నెలలపాటు ప్రభు బల్ల నుంచి ఆపాము, కారణాలు అడగవద్దు అని. పొద్దుగూకేసరికి గ్రూపు నిండిపోయింది. ఎవరో, ఏం చేసిందో అని ఒకటే ఊహలు. మా ఇంటికి కూడా ముగ్గురు వచ్చి కూర్చున్నారు. "నీకు తెలియకుండా ఉంటుందా అత్తా, చెప్పు!" అని. నాకు తెలియదు. తెలిసినా చెప్పను. కానీ పిల్లలూ, ఆ పని ఇరవై ఏళ్లు చేసి, ఒక్క రోజులో దాన్ని చెడగొట్టిన మనిషిని నేను. ఆ ఒక్క రోజు సంగతి మీరు వినాలి.

మా ఊరు పెదపాడు దాటాక కొల్లేటి వైపు, కాలవగట్టు మీద ఉంటుంది. ఇటు వరి, అటు చేపల చెరువులు. మా ఆయన మందిరంలో గంట మోగించేవాడు, ఊడ్చేవాడు, పెద్దలు చెప్పిన కబుర్లు ఇంటింటికీ మోసేవాడు. జ్వరం వచ్చి పోయాడు. ఆయన పోయాక రెండు ఆదివారాలు గంట మోగలేదు. జనం ఎవరికి తోచిన వేళకు వాళ్లు వచ్చారు, పాస్టరుగారికి కోపం వచ్చింది. మూడో ఆదివారం నేనే వెళ్లి తాడు పట్టుకున్నాను. ఎవరూ రమ్మనలేదు, ఎవరూ వద్దనలేదు. నా ఉద్యోగానికి ఆర్డరు అదే.

నెలకు మొదటి ఆదివారం ప్రభు బల్ల. రొట్టె విరిచి, చిన్న గ్లాసుల్లో ద్రాక్షరసం పోసి అందరికీ పంచుతారు. శనివారమే ఆ గ్లాసులు కడిగి బోర్లించాలి, నేల కడగాలి, చాపలు పరవాలి. ఎడమ పక్క ఆడవాళ్లకు, కుడి పక్క మగవాళ్లకు, అన్నీ రంగు అంచులున్న చాపలే. ఒక్కటి మాత్రం తలుపు వెనక చుట్ట చుట్టి నిలబెట్టి ఉండేది. మోటు తుంగ, అంచు లేదు, రంగు లేదు. దాన్ని వెనక చాప అనేవాళ్లం.

సంఘంలో ఎవరినైనా బల్ల నుంచి ఆపితే, ఆ మనిషి ఆ చాప మీద, గుమ్మం పక్కన, ఒక్కరే కూర్చోవాలి. రొట్టె పళ్లెం అక్కడిదాకా రాదు. పెద్దలు సరే అని చాప చుట్టమనేదాకా ఆ ఇంట్లో పెళ్లీ జరగదు, బిడ్డకు బాప్తిస్మమూ జరగదు. తప్పేమిటో మాత్రం ఎవరికీ చెప్పరు. పెద్దలు ఐదుగురు వేదిక వెనక చిన్న గదిలో తలుపు వేసుకుని తేల్చేవారు. ఆ మనిషిని కూడా లోపలికి పిలిచేవారు కాదు. నిలబెట్టి అడిగితే పరువు పోతుందట.

ఈ పద్ధతి పెట్టింది ఆ పెద్దాయనే, నా చాప సంగతి అడిగిన ఆయన. తాడేపల్లిగూడెంలో రైసు మిల్లులో మేస్త్రీ. వారమంతా అక్కడే ఉండి, ఆదివారం మొదటి బస్సుకు వచ్చేవారు. సంఘంలో ఆడవాళ్లందరినీ చెల్లెమ్మా అనేవారు. ఆయన ముందు ఎవరి గురించైనా చాడీ ఎత్తితే లేచి వెళ్లిపోయేవారు. అంత మంచివాడు. ఆ మంచితనంలోంచే వచ్చింది ఈ చాప. తప్పు బయటపెడితే మనిషి చచ్చిపోతాడు, అందుకని దాచాలి అనేవారు. ఆఖరికి నాకు కూడా పేరు చెప్పేవారు కాదు. పేరు పలికితే ఆ మాట ఎక్కడ ఆగుతుందో మన చేతిలో ఉండదని ఆయన భయం. కాలవగట్టు మీద వంతెన దగ్గర్నుంచి ఇన్నో ఇల్లు, పెద్దవీధిలో బోరింగు దాటాక ఇన్నో ఇల్లు, అలా చెప్పేవారు. నేను శనివారం ఆ ఇంటికి నడిచి వెళ్లి, "రేపు మీ చోటు వెనక చాపండీ" అని చెప్పి వెనక్కి తిరిగేదాన్ని. ఫోనులో చెప్పకూడదు. ఎందుకని అడిగితే నాకు తెలియదనాలి. నాకు నిజంగానే తెలియదు.

ఇప్పుడు చెప్పండి, ఇది దాచడమా? మనిషిని అందరి ముందూ గుమ్మం పక్కన కూర్చోబెట్టి, తప్పు ఒక్కదాన్నే గదిలో పెట్టి తాళం వేశాం. చేపల లారీ మీద వెళ్లే ఒకతను ఆరు నెలలు కూర్చున్నాడు ఆ చాప మీద. అతను ఏం చేశాడో ఇప్పటికీ నాకు తెలియదు. ఊరు మాత్రం అతనికి మూడు తప్పులు తయారుచేసి పెట్టింది, ఒకదాన్ని మించి ఒకటి. ఆరో నెల చాప చుట్టేశారు గానీ ఊరు తన తప్పుల్ని చుట్టలేదు. అతను భీమవరం వైపు పని వెతుక్కుని వెళ్లిపోయాడు. ఆ చాప పరిచింది నేనే. అప్పుడు నాకు ఏమీ అనిపించలేదు కూడా. పని బాగా చేశాననుకున్నాను.

ఇక ఆ రోజు సంగతి. ఏడెనిమిదేళ్ల కిందట.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దాయన బస్సుకు వెళుతూ గంట తాడు దగ్గర ఆగారు. "చెల్లెమ్మా, వచ్చే వారం బల్లకి చాప వెయ్యాలి. కాలవగట్టు, వంతెన నుంచి మూడో ఇల్లు."

"అలాగేనండీ."

శనివారం గ్లాసులు కడిగేసి, వంతెన దగ్గరికి వెళ్లి లెక్కపెట్టుకున్నాను. ఒకటి, రెండు, మూడు. మూడో ఇంటి ముందు నిలబడి తలెత్తి చూశాను. అది పెద్దాయన తల్లిగారి ఇల్లు.

మామ్మగారంటే మీకు తెలియదు. డెబ్బై దాటిన మనిషి, మందిరంలో ముందు వరసలో ఆవిడ ఒక్కదానికే కుర్చీ. పాస్టరుగారు ప్రసంగం పొడిగిస్తే అందరికీ వినబడేలా ఆవులించేది. ఆవిడని చాప మీదకా? నేను మళ్లీ వంతెన దగ్గరికి వెళ్లి మళ్లీ లెక్కపెట్టాను. మూడే. అప్పుడు నాకు పెద్దాయన మీద ఎంత గౌరవం వచ్చిందో చెప్పలేను. న్యాయం అంటే ఇదీ, కన్నతల్లినైనా వదల్లేదు అనుకున్నాను. కళ్లు చెమ్మగిల్లాయి కూడా.

అసలు సంగతి మీకు ఇప్పుడే చెప్పేస్తాను, నాకు మాత్రం అప్పుడు తెలియదు. ఆ మంగళవారం చెరువుల వాళ్లు వంతెన పక్కనే మేత బస్తాలకని ఒక కొట్టం వేశారు. కాపలాకు ఒక కుటుంబాన్ని అందులో పెట్టారు. పొయ్యి ఉంది, తాడు మీద బట్టలు ఉన్నాయి, గుమ్మంలో మేక ఉంది. నాకది ఇల్లే. పెద్దాయన తాడేపల్లిగూడెంలో ఉన్నారు, ఆయనకు ఆ కొట్టం సంగతే తెలియదు. ఆయన చెప్పిన మూడో ఇల్లు మామ్మగారిది కాదు, ఆ పక్కది.

పక్క ఇంట్లో ఉన్నది ఒక చిన్న కోడలు. ఏలూరులో కోమట్ల ఇంట్లో పిల్లాణ్ణి చూసుకునే పని ఆ అమ్మాయిది. తనకూ ఐదు నెలల ఆడపిల్ల. రెండు వారాల్లో ఆ బిడ్డకు బాప్తిస్మం. తాడేపల్లిగూడెంలో మంచాన ఉన్న తండ్రి, మనవరాలి బాప్తిస్మం చూడాలని పట్టుబడితే, ఆయన్ని ఆటోలో తీసుకురావడానికి అంతా సిద్ధం చేసుకుంది. నేను ఆ ఇంటి ముందు నుంచే వచ్చాను. గుమ్మంలో కూర్చుని తెల్ల గౌనుకు గుండీ కుడుతోంది.

"అత్తా, ఇలా రా. గుండీ ఇక్కడ బాగుందా, ఇంకాస్త కిందకా?"

"కిందకు పెట్టు. పాస్టరుగారు నీళ్లు పోసేటప్పుడు ఊడొస్తుంది" అన్నాను. ఆ అమ్మాయి నవ్వింది. ఆ బాప్తిస్మాన్ని ఆపడానికే నేను ఊళ్లో తిరుగుతున్నానని ఆ అమ్మాయికీ తెలియదు, నాకూ తెలియదు.

మామ్మగారు అరుగు మీద కూర్చుని చేపలు బాగుచేస్తోంది. ఊపిరి పట్టుకుని చెప్పేశాను.

"రేపు మీ చోటు వెనక చాపండీ, అమ్మగారూ."

కత్తిపీట ఆగింది. "ఏంటే?"

"వెనక చాపండీ."

"ఎవరన్నారే?"

"గదిలోంచి వచ్చిందండీ."

"మావాడు ఉన్నాడా గదిలో?"

"ఆయనే చెప్పారండీ."

మామ్మగారు చేప తలకాయ పక్కన పెట్టింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. "దేనికంటా?" అంది, చిన్న గొంతుతో.

"నాకు తెలియదండీ. నాకెప్పుడూ చెప్పరండీ."

"అయితే అదే అయ్యుంటుంది" అని మొదలుపెట్టింది. ఒక తప్పు చెప్పింది. "కాదులే, అది మావాడికి తెలిసే దారి లేదు. ఇదై ఉంటుంది." ఇంకొకటి చెప్పింది. "అమ్మగారూ, నాకు చెప్పకండీ" అని బతిమాలాను. "నువ్వు నోర్ముయ్యవే, నేను లెక్కేసుకుంటున్నాను" అంది. ఏడు దాకా విని చెవులు మూసుకుని పారిపోయి వచ్చాను. ఆ ఏడూ ఏమిటో మీకు చెప్పను. ఒక్కటి మాత్రం చెబుతాను, అది ఆవిడే నలుగురిలో చెప్పింది కాబట్టి. దాని వేళ రానీయండి.

ఆదివారం పొద్దున్న రెండో గంట మోగిస్తుంటే మామ్మగారు వచ్చింది. తెల్లచీర ఉతికి కట్టుకుంది. ముందు వరసలో తన కుర్చీని ఒక్కసారి చూసింది. తర్వాత వెనక చాప మీద, మోకాళ్లు పట్టుకుని, అమ్మో అంటూ కూలబడింది. మందిరమంతా మెడలు తిప్పేసింది. పాట ఎత్తవలసిన అమ్మాయి పాట ఎత్తడం మరిచిపోయింది.

అప్పుడే పెద్దాయన బస్సు దిగి, బోరింగు దగ్గర కాళ్లు కడుక్కుని గుమ్మంలోకి వచ్చారు. తల్లిని చూశారు. నా దగ్గరికి వచ్చి తాడు పట్టుకున్నారు, పడిపోకుండా అనుకుంటాను.

"మా అమ్మ అక్కడ కూర్చుందేంటి?"

"మీరే కదండీ చెప్పమన్నారు."

"నేనా?"

"మూడో ఇల్లన్నారండీ."

"మా అమ్మది రెండో ఇల్లు!"

"మూడోదేనండీ. వంతెన పక్కన కొట్టం, ఆ తర్వాత పెయింటరు గారిల్లు, ఆ తర్వాత..."

"కొట్టమా? ఏ కొట్టం?"

"మొన్న మంగళవారం వేశారండీ. పొయ్యి ఉందండీ. మేక కూడా ఉందండీ."

"మేక ఉంటే ఇల్లయిపోతుందా, చెల్లెమ్మా?"

"మా ఇంట్లో మేక కూడా లేదండీ. మరి మాది ఇల్లేనంటారు కదండీ."

ఆయన నెత్తిన చెయ్యి పెట్టుకున్నారు. కళ్లు ఆడవాళ్ల వరసల వైపు వెళ్లాయి. నేనూ అటే చూశాను. మూడో చాప మీద ఆ చిన్న కోడలు, ఒళ్లో బిడ్డ. అప్పుడు నాకు అంతా తెలిసింది. నిన్న గుండీ కిందకు కుట్టమన్నాను కదా అని, ఎందుకో అదొక్కటే గుర్తొచ్చింది.

ఆరాధన మొదలైంది. పెద్దాయన ముందుకు వెళ్లి తన చోట కూర్చున్నారు గానీ వీపు తిన్నగా నిలబడటం లేదు. ఆయన ఇరకాటం మీకు అర్థమైందా? తల్లిని లేపాలంటే, పొరపాటు జరిగింది అనాలి. పొరపాటు అంటే, మరి అసలు ఎవరికి అని జనం అడుగుతారు. గట్టు మీద ఇళ్లు ఎన్నని! పక్కింటి వైపు చూడటానికి ఒక్క గడియ పట్టదు. తల్లి పరువు నిలబడాలంటే ఆ అమ్మాయిది పోవాలి. గది తలుపు ఎంత గట్టిగా వేసినా, ఆ రోజు అది మందిరం మధ్యలోనే తెరుచుకునేలా ఉంది.

పాస్టరుగారు రొట్టె మీద గుడ్డ తీశారు. అప్పుడు వెనక నుంచి, "అయ్యగారూ, ఒక్క మాట!" అని వినబడింది.

మామ్మగారు గోడ పట్టుకుని లేచి నిలబడింది. "నన్ను ఈ చాప మీద వేశారు. మంచిదే. కానీ దేనికో చెప్పలేదండీ. నిన్న పొద్దుగూకేదాకా కూర్చుని లెక్కేసుకున్నాను. నావి పదకొండు తేలాయి. అందులో మీరు పట్టుకున్నది ఏదో చెబితే, ముందు దాన్ని ఒప్పుకుంటాను. మిగిలినవి తీరిగ్గా చూసుకుంటాను."

ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గినట్టు చేశారు. పాస్టరుగారు రొట్టె మీద గుడ్డ మళ్లీ కప్పారు. మామ్మగారు ఆగే రకమా! "పోనీ ఒకటి చెబుతాను, అదేనేమో చూడండి. కొరమేను పులుసు మీకు పంపినప్పుడల్లా ముక్కలు తీసి మావాడికి దాచి, మీకు తలకాయలే పంపాను. పదేళ్లుగా."

"నాకు తలకాయే ఇష్టమండీ, అమ్మా!" అన్నారు పాస్టరుగారు.

ఇక మందిరం ఆగలేదు. చాపల మీద పొర్లి నవ్వారు. పాస్టరుగారి భార్య పైట నోటికి అడ్డం పెట్టుకుంది. ఒక్క పెద్దాయన నవ్వలేదు. లేచారు. జనం నవ్వు తగ్గింది. ఆయన ఏం చెబుతారా అని అందరూ చూస్తున్నారు.

అప్పుడు నేను తాడు వదిలేశాను. "తప్పు నాదండీ" అని అరిచాను. నా గొంతు సంగతి చెప్పాను కదా, గ్లాసులు అదిరి ఉంటాయి. "ఇల్లు తప్పు లెక్కపెట్టి మామ్మగారికి చెప్పాను. ఆ చాప నాదండీ." వెళ్లి ఆవిడ పక్కన కూర్చున్నాను.

మామ్మగారు నన్ను కిందికి పైకి చూసింది. "నువ్వేం చేశావే?"

ఏదో ఒకటి చెప్పాలి. అబద్ధం నోటికి రాలేదు, నిజమే వచ్చింది. "బల్ల అయ్యాక గ్లాసుల్లో మిగిలిన ద్రాక్షరసం పారబోయమంటారు కదండీ. ఒక్కనాడూ పారబోయలేదండీ. అంతా తాగేశానండీ."

"ఇరవై ఏళ్లా?"

"బాగుంటుందండీ మరి."

"అయితే జరుగు" అంది మామ్మగారు. మళ్లీ నవ్వులు. ఈసారి పాస్టరుగారు కూడా.

నేను గట్టెక్కించాననే అనుకున్నాను. కానీ ఆ చిన్న కోడలు లేచింది. బిడ్డను భుజాన వేసుకుని చాపల మధ్య నుంచి నడిచి వచ్చి మా ముందు నిలబడింది. ఆ అమ్మాయి తెలివైంది. మామ్మగారి పక్కిల్లు ఎవరిదో తనకు తెలియదా?

"అత్తా, ఆ చాప నాదనుకుంటాను" అంది. తర్వాత ముందుకు తిరిగింది. "అయ్యగారూ, నేను ద్వారకా తిరుమల కొండకి వెళ్లాననే కదండీ? వెళ్లాను. నేను పనిచేసే ఇంటావిడ కొడుక్కి పుట్టువెంట్రుకలు తీయించారు. మూడేళ్లవాడు, పుట్టినప్పటి నుంచి నా చేతుల్లో పెరిగాడండీ. కత్తి చూసి గుక్కపట్టాడు, ఎవరి దగ్గరా ఊరుకోలేదు. నేను ఒళ్లో పెట్టుకున్నాను. అయ్యాక ఆవిడ సంతోషం పట్టలేక, అందరికీ పెట్టినట్టే నాకూ బొట్టు పెట్టారు. తుడుచుకుంటే ఆవిడ మనసు నొచ్చుకుంటుందని తుడుచుకోలేదు. బస్సులో మనవాళ్లెవరో చూశారు. అంతేనండీ. దండం పెట్టలేదు, మొక్కు మొక్కలేదు. ఇది తప్పయితే చాప మీద కూర్చుంటాను. కానీ తప్పని మీరు నా మొహం చూసి చెప్పండి. నేను లేని గదిలో చెప్పకండి."

బిడ్డ ఆ అమ్మాయి చెవిపోగు పట్టుకుని లాగుతోంది.

పెద్దాయన ముందు నుంచి నడిచి వచ్చారు. ఆ అమ్మాయి ముందు నిలబడి, "నిన్ను పిలిచి అడగాల్సింది, చెల్లెమ్మా" అన్నారు. "గదిలో తలుపేసుకుని నీ పరువు కాపాడుతున్నాననుకున్నాను. నిన్ను అడగాలనే తోచలేదు." గుమ్మంలోని చెప్పులు పక్కకు నెట్టి, మా చాప చివర, సగం నేల మీద, సగం తుంగ మీద కూర్చున్నారు. కూర్చున్న వెంటనే, "అబ్బా, ఇది ఇంత గుచ్చుకుంటుందా?" అన్నారు.

"నువ్వు వేయించిందే కదరా" అంది తల్లి.

ఆ రోజు మొదటిసారి రొట్టె పళ్లెం వెనక చాప దాకా వచ్చింది. పాస్టరుగారే పట్టుకొచ్చారు. మామ్మగారు రొట్టె తీసుకుంటూ, "మరి నా మిగతా పదీ?" అంది. "అవి మీకూ దేవుడికీ మధ్య, అమ్మా" అన్నారాయన. "అదీ మంచిదే. ఆయనకి కొన్ని తెలిసినట్టు లేవు" అంది.

ఆరాధన అయ్యాక పెద్దాయన వరండాలో నా పక్కన నిలబడి, ఎన్నడూ చెప్పని మాట చెప్పారు. ఆయన కుర్రవాడిగా ఉన్న రోజుల్లో ఇంకో పాస్టరు ఉండేవారట. ఆయన తప్పులన్నీ బల్ల దగ్గర బయటికి చదివేవారు, పేరుతో సహా. ఒకసారి చదివింది ఈయన సొంత చెల్లెలి పేరు. ఆ పిల్ల ఆ గుమ్మం దాటి వెళ్లి మళ్లీ ఏ మందిరంలోకీ రాలేదు. "అందుకని దాచడం మొదలుపెట్టాను చెల్లెమ్మా. చదివినవాళ్లూ చెల్లిని అడగలేదు, దాచిన నేనూ ఎవర్నీ అడగలేదు. రెండూ ఒకటేనని ఇవాళ తెలిసింది" అన్నారు.

నాకు పెద్ద మాటలు రావు. "ఎవరి తప్పు వాళ్ల నోటితో చెప్పుకోనిస్తే సరిపోయేదండీ" అన్నాను. "మీ అమ్మగారు చూడండీ, ఎంత హాయిగా ఉన్నారో." లోపల మామ్మగారు పాస్టరుగారి భార్యకు తలకాయల పులుసు ఎలా కాయాలో చెబుతోంది.

రెండు వారాలకు బాప్తిస్మం జరిగింది. గూడెం నుంచి ఆటోలో తండ్రి వచ్చాడు. నలుగురం దించి వీల్‌చైరులో కూర్చోబెట్టాం. మనవరాలి మీద నీళ్లు పడగానే బిడ్డకంటే ముందు ఆయనే ఏడ్చాడు. ఏలూరు నుంచి ఆ కోమట్ల ఇంటావిడ కూడా వచ్చింది, గుండు మీద అప్పుడే వెంట్రుకలు మొలుస్తున్న కొడుకుని చంకనేసుకుని, రెండు పెట్టెల మిఠాయి పట్టుకుని. చెప్పులు బయట విడిచి, ఎక్కడ కూర్చోవాలో తెలియక గుమ్మం దగ్గరే నిలబడింది. మామ్మగారు తన కుర్చీ ఇప్పించింది. పిల్లాడు మాత్రం అమ్మ దగ్గర ఉండక దిగిపోయి, ఆ చిన్న కోడలి చీర పట్టుకుని బాప్తిస్మం అంతసేపూ అక్కడే నిలబడ్డాడు. గౌను గుండీ ఊడిపోలేదు. అది నా సలహా.

ఆ తర్వాత గది తలుపు వేయలేదు, వెనక చాప నేను ఇంటికి తెచ్చుకున్నాను. అలాగని అన్నీ మైకులో చెప్పనూ లేదు. ఒక ఇల్లాలు, మొగుడు కొడుతున్నాడు, ఇది అందరికీ తెలియాలి అంది. చెప్పాం, అతను తల దించుకుని విన్నాడు. ఇంకో పిల్ల పెద్దాయనకీ నాకూ చెప్పుకుని, నా సంగతి మీ ఇద్దరి దగ్గరే ఉండనీయండి అని ఏడ్చింది. ఉండనిచ్చాం, ఇప్పటికీ ఉంది. రెండుసార్లు మేమే తప్పుగా తూచాం, అది కూడా నిజమే. ఒకటే పద్ధతి నిలబెట్టుకున్నాం. ఆ మనిషిని ముందు అడగడం. కొత్త కమిటీ పిల్లలూ, మీ ఫోనులో పెట్టకముందు ఆ అమ్మాయి ఇంటికి ఎవరైనా నడిచి వెళ్లారా? వెళ్లకపోతే నా మోకాళ్లు ఇంకా నడుస్తాయి, నాతో రండి. ఇళ్లు మాత్రం మీరు లెక్కపెట్టండి.

పెద్దాయన అంత్యక్రియలకు ఒక ముసలావిడ వచ్చింది. పెట్టె చూసింది గానీ మందిరంలోకి రాలేదు, గుమ్మం బయటే ఆగిపోయింది. ముక్కు చూడగానే పెద్దాయన చెల్లెలని తెలిసింది, మామ్మగారి ముక్కే. నేను ఇంటికి పరుగెత్తి ఆ తుంగచాప తెచ్చి వరండాలో వేశాను. ఆవిడ పక్కనే నేనూ కూర్చున్నాను. లోపలి పాటలన్నీ అక్కడి నుంచే విన్నాం. మూడో పాటకు ఆవిడ గొంతు కలిపింది. లేచేటప్పుడు, "గుచ్చుకుంటోంది" అంది. ఎవరు వేయించారో చెప్పాను. ఏడుస్తూ నవ్వింది. మీ మాట ఎప్పుడైనా నలుగురికి చెప్పవచ్చా అని అడిగాను. "చెప్పు. నా పేరూ నా తప్పూ వద్దు. మిగిలింది నీ ఇష్టం" అంది.

ఆ చిన్న కోడల్ని కూడా ఫోనులో అడిగాను. "బొట్టు సంగతి కూడా చెప్పు అత్తా" అంది. మామ్మగారు ఇప్పుడు లేదు. ఆవిడ పదీ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. భద్రం అంటే ఆరే లెండి, మిగిలినవి నేను వినలేదు.

ఇంక చాలు. అమ్మాయ్, కలం పక్కన పెట్టి ఇదంతా ఒకసారి నాకు చదివి వినిపించు. గబగబా కాదు, నెమ్మదిగా. నాది కాని మాట ఎవరిదైనా నోరుజారి చెప్పేశానేమో వినాలి. ఉంటే అక్కడే కొట్టేద్దాం. ద్రాక్షరసం మాత్రం కొట్టెయ్యకు, అది నాది. ఊఁ, చదువు. మొదట్నుంచీ.